మా ఊరు ఇక్కడ, మా ఎమ్మెల్యే అక్కడ: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దగ్గరి ఒక పల్లె నుంచి రాస్తున్నాను. కోయ కుటుంబంలో పుట్టాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. లెక్క తప్పితే ఊరుకోలేని అలవాటు ఇంకా పోలేదు. ఈ ఉత్తరానికి అదీ ఒక కారణమే. నియోజకవర్గాల సరిహద్దులను మళ్లీ గీసే పునర్విభజనలో మా మాట కూడా వినమని అడగడం అసలు కారణం.

2014 ఏప్రిల్ 30న సార్వత్రిక ఎన్నికల్లో పోలింగ్ అధికారిగా నేను చాలామంది వేలికి సిరా పెట్టాను. అప్పుడు మాది ఖమ్మం జిల్లా, భద్రాచలం నియోజకవర్గం. మే 16న ఫలితాలు వచ్చాయి. గోళ్ల మీది సిరా గుర్తు పూర్తిగా చెరగకముందే, మే 29న, ఆర్డినెన్స్ వచ్చింది. తెలంగాణ పుట్టడానికి ఇంకా నాలుగు రోజులు ఉండగా, పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు. భద్రాచలం పట్టణాన్ని అటే ఉంచి దాని చుట్టూ ఉన్న పల్లెలను ఇటు ఇచ్చారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మొత్తంగా వచ్చేశాయి. కుక్కునూరు, వేలేరుపాడు కూడా అంతే. బూర్గంపాడులో కొన్ని ఊళ్లు. జులైలో పార్లమెంటు దానికి చట్టం ముద్ర వేసింది. తెలంగాణ జనాభాను 2011 లెక్కల ప్రకారం మొదట 3.52 కోట్లని రాసేవారు, తర్వాత 3.50 కోట్లని రాయసాగారు. ఆ తేడాలో ఉన్న సుమారు లక్షా 90 వేల మందిమి మేమే. మాలో సగానికి మించి కోయలు, కొండరెడ్లు.

రాష్ట్రం మారింది సరే, మేము ఓటు వేసి గెలిపించిన మనిషి ఏమయ్యారు? భద్రాచలం ఎమ్మెల్యేగా గెలిచిన సున్నం రాజయ్య గారు తెలంగాణ శాసనసభలో కూర్చున్నారు. ఆయన సొంత ఊరు మా వరరామచంద్రపురం మండలంలోనిది, అంటే ఆంధ్రప్రదేశ్‌లోది. ఇల్లు ఒక రాష్ట్రంలో, శాసనసభ్యత్వం మరో రాష్ట్రంలో. మమ్మల్ని పాలించే సభలో మా తరఫున ఒక్కరు లేరు. మా వారున్న సభకు మా మీద అధికారం లేదు. 2019 ఏప్రిల్ 11న మేము మొదటిసారి ఆంధ్రప్రదేశ్‌లో ఓటు వేసేదాకా, అంటే దాదాపు ఐదేళ్లు, ఇదే పరిస్థితి. మా పేర్లు ఏ నియోజకవర్గం జాబితాలో ఉండాలన్నది తేలింది కూడా 2018లో తెలంగాణ శాసనసభ గడువుకు ముందే రద్దయి ఎన్నికలు ముంచుకొచ్చాకే. రాజయ్య గారు 2019లో రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. 2020లో కరోనాతో కన్నుమూశారు. ఆయన పార్టీ నాకు నచ్చిందా లేదా అన్నది వేరే మాట.

ఆ ఐదేళ్లలో ఒకసారి మా పల్లెకు కల్వర్టు కావాలని అర్జీ పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాం. అక్కడి ఉద్యోగి మంచివాడే. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చి, "మీ ఎమ్మెల్యే గారి చేత ఒక ఉత్తరం రాయించుకురండి, పని తేలికవుతుంది" అన్నాడు. "ఏ ఎమ్మెల్యే బాబూ?" అన్నాను. అతను కాసేపు ఆలోచించి, నవ్వి, అర్జీ తీసుకుని సొరుగులో పెట్టాడు. అతని తర్వాత వచ్చినవాళ్లు ఆ సొరుగు తెరిచి చూస్తే అది ఇప్పటికీ అక్కడే ఉండవచ్చు.

మా నేల మీద గీతలు జరగడం కొత్త కాదు లెండి. 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయాం. మధ్య పరగణాలలో ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాకు ఇచ్చారు. ఆ తర్వాత ఐదేళ్లకే రంప తిరుగుబాటు రేకపల్లి దాకా పాకింది. 1959లో మమ్మల్ని తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో వేశారు. 2014లో మళ్లీ తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. 2025 డిసెంబరు చివరి నుంచి రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా. మా తాత ఒకే ఇంట్లో పుట్టి ఒకే ఇంట్లో పోయాడు. అదే ఇంటికి నాలుగు జిల్లాల చిరునామాలు నేనే రాశాను. ఒక్కసారైనా గ్రామసభ పెట్టి "మీకు ఎటు వీలు?" అని అడిగినవారు లేరు.

ఈ పాత కథంతా మీ ముందు ఎందుకు పెడుతున్నానంటే, తర్వాతి గీత మీ శాఖ నుంచే మొదలవుతుంది. 2027 మార్చి 1 నాటికి జనగణన అని ప్రకటించారు. 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణనే స్థానాల పునర్విభజనకు ఆధారం. ఉత్తరాదికి ఎన్ని సీట్లు పెరుగుతాయి, దక్షిణాదికి ఎన్ని తగ్గుతాయి అన్న వాదం రోజూ పత్రికల్లో చదువుతున్నాను. న్యాయమైన వాదమే. అయితే ఆ రెండు పెద్ద ఏనుగుల మధ్య మా మాట ఎవరికీ వినిపించడం లేదు. రాష్ట్రం లోపల గీతలు ఎలా పడతాయన్నదే మాకు అసలు ప్రశ్న.

ముందు సంఖ్య సంగతి చూడండి. రాజ్యాంగం 332వ అధికరణం ప్రకారం రాష్ట్ర జనాభాలో షెడ్యూల్డ్ తెగల వాటా ఎంతో, శాసనసభలో వారికి కేటాయించే స్థానాల వాటా వీలైనంత వరకు అంతే ఉండాలి. 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజనలో 2001 జనాభాను బట్టి 294 స్థానాల ఉమ్మడి రాష్ట్రానికి 19 గిరిజన స్థానాలు ఇచ్చారు. రాష్ట్రం విడిపోయినప్పుడు ఏ స్థానం ఏ వైపు ఉంటే ఆ వైపే పోయింది. తెలంగాణకు 12, ఆంధ్రప్రదేశ్‌కు 7. ఇప్పుడు 2011 లెక్క పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు 27.39 లక్షలు, అంటే 5.53 శాతం. 175 స్థానాల్లో ఆ వాటా 9.68. దగ్గరి అంకె పది. ఉన్నవి ఏడు. తెలంగాణలో 9.08 శాతానికి 119లో 10.8 రావాలి, ఉన్నవి పన్నెండు. అటువైపు నా అక్కచెల్లెళ్లున్నారు, వారికి ఒకటి ఎక్కువ ఉన్నందుకు నాకు అసూయ లేదు. మాకు మూడు తక్కువ ఉన్నాయని పన్నెండేళ్లుగా ఎవరూ కూడిక తీసివేత చేయకపోవడమే ఆశ్చర్యం. ఐదో తరగతి పిల్లవాడు చేసే లెక్క ఇది. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్ స్థానాలను 225కు పెంచుతామన్నారు. దానికోసం వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది ఎప్పటికి అమలైనా, పాత జనాభా లెక్క ప్రకారమే మా వాటా పన్నెండు స్థానాలు.

సీటు రిజర్వు చేస్తే పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. ఆ సీటు ఆకారం కూడా చూడాలి. మా పార్లమెంటు స్థానం అరకు. ఈశాన్యాన పాలకొండ, పార్వతీపురం నుంచి కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు మీదుగా కిందికి దిగి, నైరుతిన శబరి ఒడ్డున మా చింతూరు దాకా సాగుతుంది. గిరిజనులు ఎక్కువ నిష్పత్తిలో ఉన్నచోట గిరిజన స్థానం పెట్టాలని పునర్విభజన చట్టం చెబుతుంది కాబట్టి కొండలన్నిటినీ ఒకే దారానికి గుచ్చారు. అదే చట్టం, అదే సెక్షన్‌లో, భౌగోళికంగా దగ్గరదనం, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలని కూడా అంటుంది. మొదటి మాట పాటించారు, రెండో మాట మ్యాపు మీద వదిలేశారు. పాలకొండ సవరకు, చింతూరు కోయకు ఒకే ఎంపీ. వారి భాష వేరు, మార్కెట్టు వేరు, నది వేరు. గెలిచినవారు ఎంత మంచివారైనా ఐదేళ్లలో ఈ రెండు కొసలనూ ఎన్నిసార్లు చూడగలరు?

రంపచోడవరం అసెంబ్లీ స్థానం కూడా అలాగే ఉబ్బిపోయింది. అప్పటికే ఆ స్థానంలో ఉన్న ఏడు మండలాలకు, 2014లో కలిపేసినవాటిలో మా వైపు నాలుగు తగిలించి పదకొండు చేశారు. మా వైపు నుంచి నియోజకవర్గ కేంద్రానికి వెళ్లాలంటే మారేడుమిల్లి ఘాట్ దిగాలి. వానాకాలంలో ఒక చెట్టు అడ్డం పడితే ఆ రోజు ప్రయాణం అంతే. జనాభా సమంగా ఉండాలి కదా అని మీ అధికారులు అంటారు. హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్ స్పితి ఉంది, అదీ గిరిజన స్థానమే. ఓటర్లు పాతిక వేల చిల్లర. మంచు కొండలకు మినహాయింపు ఇవ్వగలిగిన దేశం పాపికొండలకు ఇవ్వలేదా?

అన్నిటికన్నా నన్ను నిద్రపోనివ్వనిది ముంపు సంగతి. పోలవరం నిండు మట్టం 45.72 మీటర్లు. దాని కింద నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్ష దాటుతాయని ప్రభుత్వ లెక్కే చెబుతోంది. వీరిలో ఎందరినో ఇప్పటికే పునరావాస కాలనీలకు తరలించారు. ఇంకొందరు వరద వచ్చినప్పుడల్లా గుట్టలెక్కి, తగ్గాక దిగి వస్తున్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు నేనూ గుట్ట మీదే ఉన్నాను. టార్పాలిన్ కింద వారం రోజులు. గోదావరి పోటెత్తితే శబరి నీళ్లు వెనక్కి తన్నుతాయి, రెండు వైపులా నీళ్ల మధ్య చిక్కుకుంటాం.

ఇప్పుడు జనగణన ఎన్యూమరేటరు వచ్చి ఈ మనుషుల్ని ఎక్కడ రాసుకోవాలి? సగం ఖాళీ అయిన పాత ఊళ్లోనా, కాలనీలోనా? కాలనీలో రాసుకుంటే, అది షెడ్యూల్డ్ ప్రాంతం అంచు దాటి మైదానంలో ఉంటే, నిన్నటిదాకా తన నియోజకవర్గంలో ఎక్కువమందిలో ఒకడైన కొండరెడ్డి రేపు జనరల్ స్థానంలో వందలో ఒకడవుతాడు. అతని కులధ్రువీకరణ పత్రం అతని దగ్గరే ఉంటుంది, 2013 భూసేకరణ చట్టం అతని రిజర్వేషన్ ప్రయోజనాలనూ కాపాడుతుంది. కానీ తన వాణ్ణి ఒకణ్ణి గెలిపించుకునే బలం మాత్రం పునరావాస ప్యాకేజీలో లేదు. భూమికి భూమి, ఇంటికి ఇల్లు అన్నారు. ఓటు బరువుకు ఏమిస్తారో ఎవరూ చెప్పలేదు. పునర్విభజన చట్టంలో నిర్వాసితుల మాటే లేదు. కొత్త చట్టం రాసేది మీ శాఖే కదా, ప్రాజెక్టుల కింద తరలించిన గిరిజన కాలనీలు రిజర్వు స్థానం సరిహద్దుకు ఆనుకుని ఉంటే వాటిని ఆ స్థానంలోనే కలపాలని ఒక్క వాక్యం రాయండి. అంతకుముందే జనగణనలో ఆ కాలనీలను విడిగా గుర్తించమని హోంశాఖకు చెప్పండి. లెక్క ముగిశాక చెబితే ప్రయోజనం లేదు.

ఇక అడిగే పద్ధతి. నియోజకవర్గాల గీతలు గీసేది పునర్విభజన కమిషన్. కమిషన్‌కు ప్రతి రాష్ట్రం నుంచి పదిమంది సహ సభ్యులుంటారు, ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు. వారికి ఓటు లేదు, తుది ఆదేశం మీద సంతకమూ లేదు. అయినా గదిలో కూర్చుని మాట్లాడే హక్కు ఉంది. సభలో పార్టీల కూర్పు చూసి వారిని ఎంపిక చేయాలన్నారు గానీ అందులో ఒక్క గిరిజనుడైనా ఉండాలని ఎక్కడా లేదు. అది ఉండాలి. ముసాయిదా ప్రకటించాక రాష్ట్రంలో ఒకటో అంతకన్నా ఎక్కువో బహిరంగ విచారణలు జరపాలన్నది మరో నియమం. ఆ ఒక్కటీ విజయవాడలోనో విశాఖలోనో ఏసీ హాలులో పెడితే, మా వాళ్లు రెండు రోజుల కూలి పోగొట్టుకుని, బస్సులు మారి వచ్చి, మైకు ముందు రెండు నిమిషాలు నిలబడి ఏమి చెబుతారు? అదీ వారికి రాని భాషలో. గెజిట్‌లో ఒకసారి అచ్చయ్యాక ఆ ఆదేశాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని చట్టమే అంటుంది. మరీ అడ్డగోలుగా ఉంటే న్యాయస్థానాలు చూడవచ్చని 2024లో సుప్రీంకోర్టు కొంత తలుపు తెరిచింది. కానీ కూనవరం నుంచి ఢిల్లీ కోర్టు గుమ్మం ఎంత దూరమో మీకు చెప్పనక్కర్లేదు. మాకు చివరి కోర్టు ఆ విచారణే.

భద్రాచలం చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీల వారు తమను తెలంగాణలో తిరిగి కలపమని ఇప్పటికీ అడుగుతున్నారు. నేను వారి పక్షమూ కాదు, ఎదుటి పక్షమూ కాదు. నాకు తెలిసి మా మండలంలోనే ఇంటికో అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయాలను ఎవరైనా ఒకసారి కాగితం మీద పెట్టాలన్నదే నా కోరిక. 2014లో ఆ పని చేసి ఉంటే ఫలితం ఇదే అయినా, కనీసం ఐదేళ్లు ఎమ్మెల్యే లేకుండా పోతామని ఎవరో ఒకరు లేచి చెప్పేవారు.

కమిషన్ వస్తే విచారణ ఒకటి మా దగ్గరే పెట్టించండి. చింతూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది, కూనవరంలో బడి ఆవరణ ఉంది. వానాకాలం మాత్రం వద్దు, నీళ్లొస్తాయి. మాఘమాసం తర్వాతైతే దారులు బాగుంటాయి. కోయ మాటను తెలుగులోకి చెప్పడానికి నేనున్నాను, నాకు ఓపిక లేకపోతే నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు. పందిరి మేమే వేసుకుంటాం. మీ వాళ్లు మ్యాపు, పెన్సిలు తెస్తే చాలు. రబ్బరు కూడా తెమ్మనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కూనవరం మండలం, పోలవరం జిల్లా