మా ఇంటిల్లిపాదినీ ఎకో గది దాకా నడిపించిన వాళ్లకు

తమ్ముడికి ఐసీడీ (గుండె లయ తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం) పెట్టి ఇంటికి పంపారు. కుట్లు మానాయి, అన్నం సుష్టుగా తింటున్నాడు. ఫోన్ చేసి అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దణ్ణం వాడి పీఈటీ మాస్టారికి. వాలీబాల్ ఆడుతూ వాడు కుప్పకూలి, నిమిషంలో లేచి కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎండదెబ్బ అన్నారు, మజ్జిగ పట్టించారు. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "ఎండలో నిలబడి కళ్లు తిరిగితే వేరమ్మా. పరిగెత్తుతుండగా పడిపోతే గుండె చూపించాల్సిందే" అని అప్పటికప్పుడు కారు మాట్లాడి తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్లారు.

అక్కడ డాక్టరుగారు వాణ్ణి గొంతుక్కూర్చోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టి ఒకసారి గుండె చప్పుడు విన్నారు. నిలబడగానే తేడా చప్పుడు పెరిగిందట. ఎకోలో, అంటే గుండె స్కానింగులో, రెండు జఠరికల (గుండె కింది గదుల) మధ్య గోడ మందం 22 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా 12 లోపు ఉంటుంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బు అన్నారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందట, చాలామందికి ఉన్నట్టే తెలియదట. "ఇక నూనె మానేయాలా బాబూ?" అని అమ్మ అడిగింది పాపం. నూనెతోనూ కొవ్వుతోనూ పని లేదు, ఇది వంశంలో వచ్చేదని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ వెంటనే, "మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా?" అని అడిగారు.

అలాంటివాళ్లు ఎవరూ లేరన్నారు నాన్న. ఉన్నారని చెప్పింది మా మేనత్త. మా చిన్నతాత కాలవలో ఈదుతూ మునిగిపోయాడని ఊరంతా చెప్పుకుంటారు. ఆయన గజ ఈతగాడు! వాళ్లబ్బాయి పెళ్లైన ఏడాదికే మోటారు షెడ్డు దగ్గర పడి పోతే పాము కరిచిందన్నారు, ఒంటి మీద గాటు మాత్రం ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు అవన్నీ తేల్చలేం. కానీ కౌన్సెలింగ్ చేసే అమ్మాయి తెల్లకాగితం మీద వంశవృక్షం గీస్తుంటే, అత్తయ్య ఒక్కో పేరూ వయసూ చెబుతుంటే, నాన్న తలొంచుకుని విన్నారు. అత్తయ్యా, నీ జ్ఞాపకశక్తికి మేమంతా రుణపడి ఉన్నాం.

రక్తపరీక్షలో ఎంవైబీపీసీ3 అనే జన్యువులో లోపం తేలింది. ఆ పేరు గూగుల్లో కొడితే మన దేశంలో నూటికి నలుగురిలో ఉండే లోపం గురించి వస్తుంది, ఆ జన్యువు డీఎన్ఏలో 25 అక్షరాలు లేకపోవడం. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్ గారు, ఇతర శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధన అది. మాది అది కాదు, అదే జన్యువులో వేరేచోట ఉన్న లోపం. పైగా ఆ 25 అక్షరాలు లేని వాళ్లందరికీ జబ్బు రాదని కూడా చెప్పారు. చదివి కంగారుపడకండి.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం. నాన్నకి ఉంది, గోడ 14. ఇంట్లో ఒకరికి తేలాక మిగతావాళ్లకు 13 వచ్చినా లెక్కలోకి తీసుకుంటారట. ఆయాసమంటే ఎరగని మనిషి, ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు. నాకు లేదు, కాబట్టి నా పిల్లలకు పరీక్షలే అక్కర్లేదు. జన్యులోపం ఉన్న పిల్లలకు ఏడాదికో రెండేళ్లకో, పెద్దవాళ్లకు మూడు నుంచి ఐదేళ్లకోసారి ఈసీజీ, ఎకో తీయిస్తూ ఉండాలి.

బాబాయి వాళ్లింట్లో మాత్రం పెద్ద పేచీ వచ్చింది. చెల్లెలికి సంబంధం ఖాయమైంది, "ఇప్పుడు గుండె పరీక్షలంటే ఊరుకుంటారా?" అని పిన్ని ఏడుపు. మా చెల్లి ఎవరినీ అడక్కుండా ఆ అబ్బాయికే ఫోన్ చేసి చెప్పేసింది. మర్నాడు అతనే దాన్ని బండి మీద ఎక్కించుకుని ఎకోకి వచ్చాడు. చెల్లికి లోపం ఉంది, గోడ ఇంకా మామూలుగానే ఉంది. ముహూర్తం మారలేదు. మరిదిగారూ, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఎకో తీసిన అన్నయ్యకు కూడా చెప్పుకోవాలి. రెండో శనివారం మధ్యాహ్నం భోజనం మానుకుని మా వాళ్లందరికీ వరసగా తీశారు. "ఎడమ పక్కకి తిరగండి, గాలి వదిలి ఆపండి" అంటూ గోడ కొలత తీస్తుంటే, జెల్లీ చల్లదనానికి మా వాళ్లలో ఓ బుడ్డోడు కితకితలని గోల. వాడి నవ్వుకు స్క్రీన్ మీద బొమ్మ ఊగిపోతుంటే విసుక్కోకుండా మళ్లీ మళ్లీ కొలిచారు.

డబ్బు సర్దిన తమ్ముడి బ్యాచ్ కుర్రాళ్లకు, డాలస్ నుంచి పంపిన వదినకు వాడే ఉత్తరం రాస్తానన్నాడు. పరికరం ఎడమ భుజం కింద ఉంది కదా, ఫోన్ చొక్కా ఎడమ జేబులో పెట్టకూడదు. అలవాటు పోక చెయ్యి అటే పోతుంది, అమ్మ కసురుతుంది.

ఒక సాయం ఇంకా కావాలి. మా ముత్తాతగారి రెండో కూతురి సంతానం తణుకు వైపు స్థిరపడ్డారు, మాకు రాకపోకలు తెగిపోయాయి. తెలిసినవాళ్లుంటే కబురు చెప్పండి. లోపం ఏ చోట ఉందో మా రిపోర్టులో ఉంది. ఆ కాపీ చూపిస్తే ల్యాబులో ఆ ఒక్కచోటే చూస్తారు, ఖర్చు బాగా తగ్గుతుంది.