మన మండువా లోగిలిని మళ్లీ తెరిచాను

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. ఎనిమిదేళ్ల క్రితం ఓపెన్‌సిమ్యులేటర్ గ్రిడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లోని ఆ త్రీడీ ఊహాలోకంలో, రాత్రుళ్లు కూర్చుని మనిద్దరం కట్టిన మండువా లోగిలి, ఆ గ్రిడ్ మూతపడగానే పోయిందనుకున్నానని రాశావు. అది పోలేదు. మూసివేతకు ముందు నిర్వాహకులను అడిగి మన స్థలమంతటినీ ఓఏఆర్ ఫైలుగా తీసుకుని దాచాను. పోయిన నెలలో పాత హార్డ్ డిస్కులో అది కనబడినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఓఏఆర్ అనేది స్థలం తాలూకు ఫైళ్లన్నిటినీ టార్‌లో కట్టి జీజిప్‌తో కుదించిన మామూలు మూట. విప్పితే వస్తువులకొక ఫోల్డరు, టెక్స్చర్ల (ఉపరితలాలకు అతికించే బొమ్మల) వంటి వాటికొక ఫోల్డరు, నేల ఎత్తుపల్లాలకొక ఫోల్డరు కనిపిస్తాయి. వస్తువుల ఫోల్డరులో నుంచి వసారా స్తంభం తాలూకు ఎక్స్‌ఎంఎల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అందులో స్తంభం ఆకారం ఎక్కడా లేదు. ఇది గుండ్రని దిమ్మ, ఎత్తు ఇంత, వెడల్పు ఇంత, పైకి పోయేకొద్దీ ఇంత సన్నబడాలి అని చెప్పే అంకెలు మాత్రం ఉన్నాయి. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే త్రీడీ లోకం నుంచి వచ్చిన ప్రిమ్ పద్ధతి ఇదే. సర్వరు కొలతలను పంపుతుంది, ఆ కొలతల ప్రకారం త్రిభుజాలను పేర్చి స్తంభాన్ని మన కళ్ల ముందు నిలబెట్టేది మన కంప్యూటరులో ఉన్న వ్యూయర్ అనే ప్రోగ్రాము. మేస్త్రీకి కొలతలు చెప్పి పంపినట్టే అనుకో. అన్నేళ్లు అందులో పనిచేసి కూడా ఈ సంగతిని నేను ఇంత దగ్గరగా చూడలేదు.

అందుకని ముందు ఓపెన్‌సిమ్యులేటర్‌ను నా కంప్యూటరులోనే నడిపించి, దాని కన్సోల్‌లో ‘లోడ్ ఓఏఆర్’ ఆదేశం ఇచ్చి, ఫైర్‌స్టార్మ్ వ్యూయర్‌తో లోపలికి వెళ్లాను. అరుగు, గడప, నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం కనిపించే మండువా, అన్నీ ఉన్న చోటనే ఉన్నాయి. మనం కట్టిన భాగాలను మాత్రమే ఎంచుకుని కొలాడా అనే రకం త్రీడీ ఫైళ్లుగా బయటికి తీశాను. ఇతరులు చేసిన కుర్చీలూ దీపాలూ మనవి కావు కనుక వాటిని ముట్టుకోలేదు.

అసలు శ్రమ త్రీడీ ఆకారాలు తయారుచేసే బ్లెండర్‌లో మొదలైంది. నువ్వు కూడా ప్రయత్నిస్తానన్నావు కనుక ఒక జాగ్రత్త చెబుతాను: బ్లెండర్ 5.0లో కొలాడా దిగుమతిని తీసేశారు, కనుక 4.5ను వేసుకో. ప్రిమ్‌లు మెష్‌గా, అంటే బిందువులూ ముఖాలూ కలిసిన వలగా, మారి వచ్చినప్పుడు ఒకే చోట రెండేసి బిందువులు పడతాయి, దూలాలు గోడలో కలిసే చోట ఎవరికీ కనబడని ముఖాలు మిగిలిపోతాయి. దగ్గరి బిందువులను కలిపి, దాగిన ముఖాలను తీసేసి, లోపలికి తిరిగిన ముఖాలను సరిచేయడానికి నాకు మూడు ఆదివారాలు పట్టాయి. పెంకుల కప్పు ఒక్కటే ఒక ఆదివారాన్ని మింగేసింది.

చివరికి అంతటినీ జీఎల్‌బీ అనే ఒకే త్రీడీ ఫైలుగా భద్రపరిచాను. దీని వెనుక ఉన్న జీఎల్‌టీఎఫ్ 2.0 నమూనా 2017లో వచ్చింది, 2022లో అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణమూ అయింది. కొలతలు మీటర్లలోనే ఉంటాయి కనుక మన గడప ఎత్తు ఏ వ్యూయర్‌లో తెరిచినా మారదు. మామూలు బ్రౌజరులో కూడా ఇంటిని వేలితో తిప్పి చూడవచ్చు. అయినా ఓఏఆర్‌ను పారేయకూడదని నా గట్టి అభిప్రాయం. ప్రిమ్‌గా ఉన్నప్పుడు ఒక్క అంకె మారిస్తే స్తంభం సన్నబడేది. మెష్ అయ్యాక ఆ అంకె ఉండదు, బిందువులను పట్టుకుని లాగవలసిందే. ఆకారం జీఎల్‌బీలో, కట్టిన తీరు ఓఏఆర్‌లో ఉన్నాయి, కనుక రెండింటినీ రెండు డిస్కుల్లో పెట్టాను.

ఒక్క లోటు మిగిలింది. మండువా నడుమ తులసికోట లేదు. అంచులు సరిచేస్తానని నువ్వు దాన్ని నీ ఇన్వెంటరీలోకి, అంటే గ్రిడ్‌లోని నీ సొంత సామాన్ల పెట్టెలోకి, తీసుకున్నావు, ఓఏఆర్ తీసింది ఆ తర్వాతే. నీ ఇన్వెంటరీని ఐఏఆర్ ఫైలుగా ఎప్పుడైనా తీయించుకున్నావేమో నీ పాత డిస్కుల్లో వెతుకు. దొరికితే వెంటనే పంపు. దాని చోటును అలాగే ఖాళీగా ఉంచాను.

నీ
శ్రీనివాస్