ముందుమాటలు వెనక్కి జరపండి

సంపాదకులకు నమస్కారం.

మళ్ళీ మొదటిసారి చదువుతున్నట్టు చదవాలనిపించే పుస్తకం ఏదని మీరు ఆదివారం అనుబంధంలో అడిగితే పాఠకులు ఉత్సాహంగానే రాశారు. ఆ ఉత్తరాలన్నీ వదలకుండా చదివాను. కానీ సగం మంది కథ మొత్తం చెప్పేశారు, ఎవరు పోయారో, ఎవరు ఎవర్ని చేసుకున్నారో సహా! మనకు ఆ మొదటిసారి ఎలాగూ తిరిగిరాదు. ఇంకా చదవనివాళ్ళకైనా మిగల్చాలి గదా.

నేను తిరుపతిలో గాంధీ రోడ్డు దగ్గర బుక్ బైండింగ్ చేస్తాను. మా నాయన నేర్పిన పని. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా కాలేజీ ప్రాజెక్టులు, ఆఫీసు రిజిస్టర్లు. పాత నవలలు తెచ్చేవాళ్ళు తక్కువే గానీ, వచ్చారంటే స్టూలు లాక్కుని కూర్చుంటారు, అట్ట కోసేలోపే కథ మొదలుపెడతారు. 'నేనింకా చదవలేదు సార్' అన్నా ఆగరు.

ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ కాగితాలు వారం వారం చించి దాచి, కట్ట కట్టి తెచ్చేవాళ్ళు. ఆంధ్రభూమిలో తులసిదళం వచ్చిన కాలం నాటి కట్టలు అప్పుడప్పుడూ ఇంకా మా బల్ల మీదికి వస్తుంటాయి. పిన్నులు తుప్పు పట్టి, ఆ మరక అక్షరాల మీదికి పాకి ఉంటుంది. ఆ రోజుల్లో ముగింపు ముందే చెప్పేద్దామన్నా ఎవరికీ కుదిరేది కాదు, ఊరంతా అదే వారం దగ్గర ఆగిపోయేది. మొదటిసారి చదవడమే నెలల తరబడి సాగేది.

ఉత్తరాలు రాసినవాళ్ళను అని ఏం లాభం, పుస్తకాలే అలా ఉన్నాయి. మన తెలుగు పుస్తకానికి ఒక ముందుమాట చాలదు. ఒక పెద్దాయన ముందుమాట, ఇంకొకరి ఆశీస్సులు, ప్రచురణకర్త మాట, ఆపైన రచయిత 'నా మాట'. పుస్తకం నిజంగా చదివామని రుజువు చూపించడానికో ఏమో, కొందరు పెద్దలు ఆఖరి పేజీ దాకా పూసగుచ్చినట్టు రాసేస్తారు.

అందుకే నా సొంత పుస్తకాలను మళ్ళీ బైండ్ చేసేటప్పుడు ముందుమాటలు తీసి చివర కలుపుతాను. గమ్ బైండింగ్ అయితే తేలిక, కాగితాలు విడివిడిగా వచ్చేస్తాయి. దారంతో కుట్టిన పుస్తకమైతేనే చిక్కు. పెద్ద కాగితాన్ని మడిచి కుట్టే 16 పేజీల కట్టను మేము ఫారం అంటాం. దాని మధ్యలో ముందుమాట అయిపోయి కథ మొదలవుతుంది. ఒక కాగితం లాగితే అవతలి సగం కూడా ఊడొస్తుంది. మడత దగ్గర కోసి, సన్నటి కాగితం పట్టీ అంటించి, మైదా జిగురు ఆరేదాకా బరువు పెట్టాలి. ఇది చూసి కొందరు తమ పిల్లలకు ఇచ్చే పుస్తకాలకూ ఇలాగే చేయించుకున్నారు. దానికి వేరే డబ్బులు తీసుకోను.

నాకు మళ్ళీ కొత్తగా చదవాలనిపించేది నామిని 'పచ్చనాకు సాక్షిగా'. మా చిత్తూరు పల్లెల్లో అమ్మలు తిట్టే తిట్లు, బుజ్జగించే మాటలు అచ్చులో ఉండొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. బడిలో అలా మాట్లాడితే అయ్యవారు సరిదిద్దేవాడు. నవ్వుకుంటూ మొదలుపెట్టాను. తర్వాత ఏమైందో చెప్పను. ఇప్పుడు తీసినా నవ్వొస్తుంది గానీ, ఏ పేజీలో ఏముందో వేళ్ళకే తెలిసిపోతోంది. మధురాంతకం రాజారాం గారి కథలతో ఈ బాధ లేదు. ఆయన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దామలచెరువు చుట్టుపక్కల మనుషుల్ని నిదానంగా చూపించే ఆ కథల్లో, చివర తెలిసినా పోయేదేమీ ఉండదు.

కొందరు కన్యాశుల్కం పేరు రాశారు. గిరీశం ఆఖరి మాట నాటకం చదవనివాళ్ళ నోళ్ళలో కూడా నానుతోంది, ఇక మొదటిసారి ఎక్కడిది? అయితే 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ బాగా మార్చి, పెంచి 1909లో మళ్ళీ తెచ్చారు. మధురవాణి అంతగా ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. మొదటిది చదివినవాళ్ళకు అదే నాటకం మళ్ళీ కొత్తగా దొరికింది. ఎంత అదృష్టవంతులో!

ముందుమాట లేకపోతే పాత పుస్తకాలు ఈ కాలం పిల్లలకు అర్థం కావని ఒక లెక్చరర్ సార్ నాతో వాదించారు. ఆ కాలం గురించి, ఆ ఊరి గురించి చెప్పండి, కాదనను. ఒక పేజీ చాలు.

వచ్చే ఆదివారం మరికొన్ని ఉత్తరాలు వేస్తామన్నారు. పుస్తకం పేరు, రచయిత పేరు, ఏ వయసులో చదివారు, ఎవరిచ్చారు, ఇవన్నీ వేయండి. ముగింపు చెప్పే వాక్యాలు మాత్రం దయచేసి తీసేయండి. మీ పుస్తక సమీక్షలకూ ఇదే మనవి. ఇక ప్రచురణకర్తలు కొత్త కూర్పు వేసేటప్పుడు ముందుమాటలను చివరి ఫారంలోకి జరిపితే వాళ్ళకు ఒక్క కాగితం కూడా అదనంగా ఖర్చు కాదు.

– ఒక బుక్ బైండర్, తిరుపతి