పేరు చెప్పకుండా వెళ్లిన అన్నకు

కనిగిరి మెట్టలో బోరు నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే మా సైన్స్ ప్రాజెక్టును నిలబెట్టింది మీరే అన్నా. ముందు సున్నం, అదీ పటికలో 20వ వంతే. 1 నిమిషం జోరుగా కలపాలి. తర్వాత పటిక నీళ్లు పోసి 10-15 నిమిషాలు మెల్లగా తిప్పాలి. ఇక్కడే తప్పు జరిగేది: గిరగిరా తిప్పితే ముద్దకట్టిన మడ్డి విరిగిపోయి నీళ్లు తేరవు. సున్నం మానేస్తే పటిక వల్ల నీళ్లు పుల్లబడతాయి. తిప్పడం ఆపాక గంటసేపు కదపకూడదు. కుళాయిని పాత్ర అడుగుకంటే కాస్త పైన పెట్టించారు, మడ్డి రాకుండా. నీళ్ల నుంచి తీసిన ఫ్లోరైడంతా ఆ మడ్డిలోనే ఉంటుంది, బోరు పక్కన పారబోయొద్దన్న మీ మాట కొత్త తరగతి గది గోడ మీద రాసుకున్నాం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని ఇంటింటా చెబుతున్నాం. చాలా థ్యాంక్స్ అన్నా.