ఆ పుస్తకాన్ని క్లాసులోకి తిరిగి రానివ్వండి

మెక్‌మిన్ కౌంటీ స్కూల్ బోర్డు సభ్యులకు,

నమస్కారం. నేను మీ టెనెసీలోనే, నాష్‌విల్‌లో ఉంటాను. మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. ఈ ఉత్తరం మీకు ఇంగ్లీషులో పంపాను, ఇక్కడున్న మా తెలుగు తల్లిదండ్రులు కూడా చదవాలని తెలుగులోనూ పెడుతున్నాను.

2022 జనవరి 10న మీరు పదికి పది ఓట్లతో ఆర్ట్ స్పీగల్‌మన్ ‘మౌస్’ను ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేశారు. నాజీల చేతిలో యూదులైన తన అమ్మానాన్నలు పడ్డ బాధల్ని ఆయన బొమ్మల కథగా గీసిన పుస్తకం అది. ఎనిమిది బూతు మాటలున్నాయన్నారు, ఒక ఆడమనిషి నగ్న చిత్రం ఉందన్నారు. ఆ బొమ్మ ఎక్కడుందా అని ఇంట్లో ఉన్న కాపీ తీసి వెతికాను. చాలా చిన్న బొమ్మ. అది ఆర్ట్ తల్లి ఆన్యా శవం. ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి 1968లో స్నానాల తొట్టిలో ఆత్మహత్య చేసుకుంది. పుస్తకమంతా యూదుల్ని ఎలుకలుగా గీశాడు, ఈ చావు గురించిన నాలుగు పేజీల్లో మాత్రం అందరికీ మనిషి ముఖాలుంటాయి, అక్కడే కొడుకు హిట్లర్‌నీ నిందిస్తాడు, అమ్మా అని ఏడుస్తాడు, ఆ అమ్మనే తిడతాడు కూడా. ఆ తిట్టు తీసేస్తే ఆ ఏడుపుకి అర్థం ఏం మిగులుతుంది చెప్పండి?

నాకు ఈ పుస్తకం మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇందులో ఎవరినీ దేవుణ్ణి చెయ్యలేదు. తండ్రి వ్లాడెక్ అన్ని క్యాంపులు దాటి బతికాడు, సగం తిన్న సరుకుల్ని షాపుకి తీసుకెళ్ళి వాపసు ఇస్తాడు, భార్య రాసుకున్న డైరీలన్నీ తగలబెట్టేశాడు, కోడలు దారిలో ఒక నల్లజాతి మనిషికి లిఫ్ట్ ఇస్తే కారులోని సరుకులు ఎత్తుకుపోతాడేమోనని గింజుకుంటాడు. అంత బాధ పడ్డవాడు ఇలా ఎలా మాట్లాడతాడని కోడలు నిలదీస్తుంది. కష్టాలు మనిషిని మంచివాణ్ణి చేస్తాయని మనం పిల్లలకి చెబుతుంటాం కదా, ఆర్ట్ సొంత తండ్రి విషయంలోనే ఆ మాట చెప్పలేదు, దాచనూ లేదు.

మా అమ్మాయి హాస్కెల్ దగ్గర ఆగిపోయింది. హాస్కెల్ వ్లాడెక్ బంధువే, బంగారం తీసుకుని నాజీలు పట్టుకున్న మనుషుల్ని విడిపించేవాడు. వ్లాడెక్‌నీ ఆన్యానీ బయటికి తెచ్చాడు. ఆన్యా తండ్రి దగ్గర నగలు పుచ్చుకున్నాడు, ఆయన్ని మాత్రం విడిపించలేదు. ఒకప్పుడు కోటీశ్వరుడైన ఆ పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి జుట్టు పీక్కుంటూ ఏడుస్తుంటాడు. “నాన్నా, హాస్కెల్ మంచివాడా, చెడ్డవాడా?” అని అడిగింది. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. అరగంట మాట్లాడుకున్నాం, తేలలేదు, రాత్రి భోజనం దగ్గర మళ్ళీ అదే ఎత్తింది.

ఆ ప్రశ్న నిజానికి ఈ పుస్తకం బాగా తెలిసిన టీచర్ ముందు, ముప్పై మంది పిల్లల మధ్య రావాల్సింది. మీ కౌంటీ పిల్లలకి దీని బదులు ఇంకో పుస్తకం ఇస్తారేమో, అందులో అందరూ మంచి బాధితులూ చెడ్డ నాజీలే అయితే హాస్కెల్ గురించి అడిగే పిల్ల ఎక్కడ అడగాలి? ఈ విషయాన్ని దయచేసి మళ్ళీ అజెండాలో పెట్టండి. ఓటు వేసే ముందు ఆ తొట్టి బొమ్మ ఒక్కటే కాకుండా ఆ నాలుగు పేజీలూ, హాస్కెల్ వచ్చే పేజీలూ మీటింగ్‌లో అందరూ కలిసి చదవండి.

ఇట్లు,
నాష్‌విల్ నుంచి ఒక తండ్రి