పర్లాకిమిడి సంతలో కలిసిన పెద్దమ్మగారికి

యాభైకి చేరువలో ఉద్యోగం మానేసి, గజపతి జిల్లాలో కొండపత్తి వేసి రాట్నం పట్టాను. చుట్టాల హితబోధలకు కొదవ లేదు. దారం తెగకుండా దారి చూపింది మాత్రం మీరొక్కరే. సంతలో, వడకడానికి చుట్టుకున్న నా దూది ఏకులు వేళ్లతో నలిపి చూసి, “పొట్టి పింజ తల్లీ, పురి ఎక్కువ పడాలి” అన్నారు. సంచిలోంచి వాలుగ చేప దవడ తీసి, ఆ సన్నని పళ్లతో గింజపత్తిని దువ్వారు. నలుసులు రాలిపోయి పింజలన్నీ ఒక వాటంగా పరుచుకున్నాయి. పొందూరులో చిన్నప్పటి నుంచీ ఇదే పనట! ఆ దవడను నా చేతిలోనే పెట్టి, పేరైనా చెప్పకుండా బస్సెక్కేశారు. ఇప్పుడు నా నూలు చిలపలను నేతగాళ్లు అడిగి మరీ తీసుకుంటున్నారు. పెద్దమ్మగారూ, మీకు శతకోటి నమస్కారాలు. మీ చీరకని నూలు పక్కన పెట్టాను. ఈ మాట ఎవరైనా మీ చెవిన వేస్తే కబురు పంపండి.