కలెక్టర్ గారూ, ఆ ఒక్క ప్రశ్న అడిగించండి

విశాఖ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మొన్న గర్భంతో ఉన్న మా మరదల్ని చెకప్‌కి తీసుకెళ్తే బీపీ, షుగర్, బరువు అన్నీ చూశారు గానీ మందు తాగుతావా అని మాత్రం ఎవరూ అడగలేదు, మొహమాటం కాబోలు. బీచ్‌రోడ్డు పార్టీల్లో ఆడవాళ్లూ తాగుతున్నారండీ, దాచేదేముంది. గర్భిణి తాగితే ఆ ఆల్కహాల్ మాయ (ప్లాసెంటా) దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది. మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది, అంటే చాలామందికి నెల తప్పిందని తెలిసీ తెలియకముందే. అప్పుడు తాగితే ముఖాన్ని తీర్చే కణాలు చచ్చిపోవచ్చు, తర్వాతి నెలల్లో నాడీకణాలు చేరాల్సిన చోటికి చేరక దారి తప్పవచ్చు. అమెరికా డాక్టర్లు 1973లోనే దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. గర్భంతో ఉన్నప్పుడు ఇంత మోతాదు తాగితే ఫర్వాలేదనే లెక్కేమీ లేదు.

ఆశా కార్యకర్తలతో ఆ ప్రశ్న అడిగించండి, తిట్టినట్టు కాకుండా. ముందు ఘోషాసుపత్రి ఓపీలో ఈ సంగతి చెప్పే ఒక బోర్డు పెట్టించండి.